రాతికి అతుక్కున్న లింపెట్‌ను ఊడదీసి, చూసి, మళ్ళీ పెట్టేస్తే బతుకుతుందా?

తీరంబాట
అందరికీ నమస్కారం. సముద్ర జీవుల గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. బ్రిటన్ పశ్చిమ తీరంలో రాళ్ళున్న బీచ్‌లకు వెళ్తే, ఆటు వేళ నీళ్ళు తగ్గాక బండల నిండా శంకువు ఆకారంలో బూడిద రంగు చిప్పలు కనిపిస్తాయి. లింపెట్లు అంటారని అక్కడి బోర్డు మీద చదివాను. ఎప్పుడు చూసినా ఒక్కటీ కదలదు. చేత్తో లాగితే వేళ్ళు నొప్పి పుడతాయే గానీ అది ఊడదు.

మా బావమరిదికి ఒకటే ఆరాటం. స్క్రూడ్రైవర్ పెట్టి ఒకదాన్ని లేపి, అడుగున ఏముందో ఫోటో తీసి, మళ్ళీ అక్కడే పెట్టేద్దామంటాడు. "నత్తే కదా, అదే అతుక్కుంటుందిలే" అని అతని వాదన. నాకు మనసొప్పడం లేదు. నిజంగా మళ్ళీ అతుక్కుంటుందా? అసలు అవి బతికున్నవేనా, ఖాళీ చిప్పలా?

ఉప్పుగాలి
బతికున్నవే. ఖాళీ చిప్ప రాతి మీద నిలవదు, మొదటి అలకే కొట్టుకుపోతుంది. మీ బావమరిది గారిని స్క్రూడ్రైవర్ ఇంట్లోనే పెట్టి రమ్మనండి.

రాతిగుల్ల
మీరు చూస్తున్నది చాలావరకు పటెల్లా వల్గేటా అయ్యుంటుంది. ఈశాన్య అట్లాంటిక్‌లో నార్వే నుంచి పోర్చుగల్ దాకా రాతి తీరాల్లో మామూలుగా కనిపించే లింపెట్ ఇదే. ఆ పేరు పెట్టింది స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్, 1758లో. చిప్ప ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఇదీ నత్తల వర్గానిదే, కానీ పెద్దయ్యాక మెలికల గుల్ల ఉండదు, మూతా ఉండదు. రాళ్ళ మీదుండే చాలా సముద్రపు నత్తలు నీళ్ళు పోగానే లోపలికి ముడుచుకుని మూత వేసేసుకుంటాయి. లింపెట్‌కు ఆ సౌకర్యం లేదు కాబట్టి రాతినే మూతగా వాడుకుంటుంది.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ప్రతి పెద్ద లింపెట్‌కీ బండ మీద ఒక సొంత చోటు ఉంటుంది. హోమ్ స్కార్, అంటే ఇంటి మచ్చ, అంటారు. రాయి గట్టిదైతే చిప్ప అంచు ఆ చోటి ఎగుడుదిగుళ్ళను బట్టి పెరుగుతుంది. రాయి మెత్తదైతే చిప్పే రాతిని అరగదీసి గుండ్రటి గాడి చేస్తుంది. గిన్నెకు దాని మూతే పట్టినట్టు, ఆ చిప్పకు ఆ చోటే పడుతుంది. గంటల తరబడి ఎండా గాలీ తగిలినా లోపలి తేమ నిలిచేది ఆ అతుకు వల్లే.

ఊడదీసి రెండు అంగుళాలు పక్కన పెట్టారనుకోండి, అంచు కింద సందులు మిగులుతాయి. తేమ పోతుంది. పీత గోరు దూరుతుంది, పక్షి ముక్కు దూరుతుంది. సరిగ్గా పాత చోటే పెట్టినా, స్క్రూడ్రైవర్ మొన అప్పటికే పాదం కండను చీల్చి ఉంటుంది, చిప్ప అంచు పెచ్చు లేచి ఉంటుంది. పాదం తిన్నగా ఆనించి పట్టు బిగించడానికి దానికి సమయం కావాలి. ఆ సమయం సముద్రం ఇవ్వదు. కొన్ని బతకొచ్చు. కానీ ఒక ఫోటో కోసం ఆ జూదం ఎందుకు?

తీరంబాట
రాతిగుల్ల గారూ, చాలా థాంక్స్. "సొంత చోటు" అన్నారంటే అది ఎక్కడికో వెళ్ళి మళ్ళీ అక్కడికే వస్తుందనా? నేను కదలడమే చూడలేదే!

నీలికెరటం
మనం వెళ్ళేదే అది కదలని వేళకండీ, ఇంకెలా చూస్తాం.

తిండికి బయల్దేరుతుంది. రాతి మీద కంటికి ఆనని పల్చటి పొర ఉంటుంది. సూక్ష్మమైన శైవలాలు, బ్యాక్టీరియా, అప్పుడే మొలుస్తున్న నాచు మొక్కలు, అన్నీ కలిసిన పొర. దాన్ని గీక్కుంటూ పోతుంది. కొన్ని చోట్ల పోటు వచ్చి నీళ్ళు కప్పాక బయల్దేరితే, మరికొన్ని చోట్ల, ముఖ్యంగా నిట్టనిలువు బండల మీద, రాత్రి ఆటు వేళ రాయి తడిగా ఉన్నప్పుడు తిరుగుతుంది. ఒకే జాతి అయినా ఊరికో తీరు. దూరం మాత్రం పెద్దగా పోదు, సాధారణంగా మీటరు లోపే. దారి పొడవునా జిగురు చార వదులుతుంది, తిరిగి రావడానికి ముఖ్యమైన ఆధారం ఆ చారే. తన మచ్చ దగ్గరికి వచ్చాక అటూ ఇటూ తిరిగి, అంచు సరిగ్గా కుదిరేదాకా సర్దుకుని కూర్చుంటుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. లింపెట్లు రాతిని వదిలి తిండికి కదులుతాయని అరిస్టాటిల్ కాలానికే తెలుసు, ఆయన జంతువుల మీద రాసినదాంట్లో ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు పల్చటి ఆకుపచ్చ పొర పట్టిన నున్నటి రాయి ఉంటే వంగి చూడండి. వంకర టింకరగా, మెలికలుగా గీసిన గీతలు కనిపిస్తాయి. అవి దాని పంటి గాట్లే.

బండమీది_బాబాయ్
ఇదంతా సరే గానీ, అతుక్కోవడం వెనక అంత విద్య ఏముంది? సక్షన్ కప్ సూత్రం. కింద గాలి లేకుండా చేసుకుంటుంది, బయటి పీడనం నొక్కి పట్టుకుంటుంది. బాత్‌రూమ్ గోడకు తగిలించే రబ్బరు హుక్కు కూడా అంతే. మచ్చలో పెట్టి నొక్కితే మళ్ళీ పడుతుంది.

రాతిగుల్ల
బాబాయ్ గారూ, చాలా పుస్తకాల్లో కూడా అలాగే రాసేవారు లెండి. కానీ లెక్క ఒప్పుకోదు. నీళ్ళు లేనప్పుడు సక్షన్ ఎంత గొప్పగా పనిచేసినా వాతావరణ పీడనం ఎంతో అంతే, ఒక చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. బాగా బిగుసుకున్న లింపెట్‌ను ఊడదీయడానికి అంతకంటే ఎక్కువ బలం కావాలని కొలిచి చూశారు. మరి ఆ మిగతా బలం ఎక్కడిది?

పాదం కింద స్రవించే జిగురుది. 2020లో పటెల్లా వల్గేటా మీదే ఒక అధ్యయనం వచ్చింది. ఆ జిగురులో ఉన్న ప్రోటీన్లు, చక్కెర గొలుసులు ఏమిటో విడదీసి చూసి, పట్టుకు ప్రధాన కారణం సక్షన్ కాదు, ఈ స్రావమే అని తేల్చారు.

బండమీది_బాబాయ్
జిగురే అయితే అది నడిచేదెలా? అతికించుకున్నవాడు కదలలేడు కదా!

కిరణ్_ఫిజిక్స్
బాబాయ్ అడిగింది మంచి ప్రశ్న, నవ్వి వదిలేయకండి. పాదం మొత్తం ఒక్కసారి లేవదు. కండరాల అల ఒకటి పాదం మీదుగా సాగుతుంది, అల ఉన్న చోట కొంచెం లేచి ముందుకు జరుగుతుంది, మిగతా భాగం పట్టుకునే ఉంటుంది. కాబట్టి నడకలో ఉన్న లింపెట్ పట్టు ఎప్పుడూ తక్కువే.

ఇంకోటి. 1990ల మొదట్లో వేరే జాతి లింపెట్ల మీద చేసిన పరిశీలనల్లో అవి రెండు పద్ధతులూ వాడతాయని తేలింది. నీళ్ళు కప్పి, తిరిగే అవకాశం ఉన్నప్పుడు సక్షన్. నీళ్ళు పోయి కదలకుండా ఉండిపోయే గంటల్లో జిగురు. అంటే సక్షన్‌ను పూర్తిగా కొట్టిపారేయాల్సిన పని లేదు. 2020 అధ్యయనం వల్గేటాది, ఇది వేరే వాటిది. రెంటినీ ఒకే గాటన కట్టలేం.

రాతిగుల్ల
ఒప్పుకుంటాను. కానీ తీరంబాట గారి ప్రశ్నకు వస్తే, ఆయన వెళ్ళేది ఆటు వేళ. అప్పుడు ఉన్నది జిగురు పట్టు. పైగా ఒకసారి తట్టారంటే కండ బిగించి చిప్పను రాతికి నొక్కేస్తుంది. ఏమరుపాటున ఉన్నప్పుడు పక్క నుంచి ఒక్క దెబ్బ పడితే ఊడొచ్చేమో గానీ, ఆ దెబ్బ తప్పాక ఎంత లాగినా చిప్ప పగలాల్సిందే. బావమరిది గారి స్క్రూడ్రైవర్ పథకంలో జరిగేది అదే.

ఉప్పుగాలి
పక్క నుంచి ఒక్క దెబ్బ అంటే ఆయిస్టర్ క్యాచర్ పక్షి చేసే పని. నల్లటి వీపు, ఎర్రటి పొడుగాటి ముక్కు. నిమ్మళంగా నడుచుకుంటూ వచ్చి, అంచు కాస్త లేచి ఉన్నదాన్ని చూసి టక్కున కొడుతుంది. దానికి తెలిసిన కిటుకు మనకు రాదు.

సీతాకోక84
గీక్కుంటుంది, పంటి గాట్లు అంటున్నారు. నత్తకు పళ్ళేమిటండీ? 😅

నీలికెరటం
ఉండటమేమిటి, మామూలు పళ్ళు కావు. నోట్లో రాడ్యులా అనే పొడుగాటి పట్టీ ఉంటుంది, సాగదీస్తే చిప్ప కంటే పొడుగు. దాని మీద వరసకు 12 చొప్పున దాదాపు 160 వరసల పళ్ళు, అంటే సుమారు 1,900. రాతిని గీకి గీకి ముందు వరసలు అరిగిపోతుంటాయి, వెనక నుంచి కొత్త వరసలు తయారై వస్తుంటాయి. వెనకవి పుట్టినప్పుడు మెత్తగా ఉంటాయి, ముందుకు జరిగే కొద్దీ వాటిలోకి ఇనుము చేరి గట్టిపడతాయి.

ఆ ఇనుము గోథైట్ అనే ఖనిజం రూపంలో, అతి సన్నటి పోగులుగా ఉంటుంది. 2015లో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో ఆసా బార్బర్ బృందం ఈ పళ్ళ నుంచి సూక్ష్మమైన ముక్కలు కోసి లాగి చూసింది. తెగడానికి పట్టిన బలం 3 నుంచి 6.5 గిగాపాస్కల్స్. అప్పటిదాకా జీవుల్లో అన్నిటికంటే బలమైనదిగా పేరున్న సాలెపట్టును అది దాటేసింది. పేపర్లన్నీ "సాలెపట్టును ఓడించిన నత్త" అని రాశాయి. నాకైతే అంతకంటే నచ్చిన సంగతి ఇంకొకటి. మామూలుగా ఏ పదార్థమైనా ముక్క పెద్దదయ్యే కొద్దీ లోపల లోపాలు పెరిగి బలం తగ్గుతుంది. ఇక్కడ పోగులు ఎంత సన్నగా ఉన్నాయంటే ఆ తగ్గుదల కనిపించలేదు.

సీతాకోక84
అమ్మో. ఇకపై బండ మీద చెయ్యి పెట్టాలంటే ఆలోచిస్తాను.

నీలికెరటం
మిమ్మల్ని కరవదు లెండి, నాచు పొర చాలు దానికి.

పడవమల్లి
నేను చూసినవి ఒకదాని మీద ఒకటి ఎక్కి దొంతరలుగా ఉన్నాయి. అవి కూడా ఇవేనా?

వేదిక_నిర్వాహకులు
కావండీ. దొంతరలుగా ఉండేవి స్లిప్పర్ లింపెట్లు, క్రెపిడ్యులా ఫోర్నికేటా. పేరులో లింపెట్ ఉన్నా దగ్గరి చుట్టరికం లేదు. అమెరికా నుంచి తెచ్చిన ఆయిస్టర్లతో పాటు 19వ శతాబ్దం చివర్లో బ్రిటన్ చేరాయి. రాతిని గీకవు, నీటిని వడగట్టి తింటాయి. వాటి మీద మాట్లాడాలంటే దయచేసి వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ కలిపితే చర్చ దారి తప్పుతుంది.

తీరంబాట
ఇవన్నీ మా బావమరిదికి చదివి వినిపించాను. అతని కొత్త వాదన: "అక్కడ వేలల్లో ఉన్నాయి, ఒకటి పోతే తీరానికి ఏమవుతుంది?" నిజం చెప్పాలంటే దీనికి నా దగ్గరా జవాబు లేదు.

తెప్పతాళం
చాన్నాళ్ళుగా ఈ వేదికను చదువుతూ ఊరుకుంటున్నాను, దీనికి మాత్రం రాయాలనిపించింది.

ఒకటి పోతే ఏమీ కాదు. కానీ అందరూ తలా ఒకటీ తీస్తే ఏమవుతుందో కొలిచిన లెక్కే ఉంది. 1940ల్లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో ఒక రాతి తీరం మీద, పోటు గీత నుంచి ఆటు గీత దాకా పది మీటర్ల వెడల్పున లింపెట్లన్నిటినీ తీసేశారు. చుట్టుపక్కలంతా ఎప్పటిలా వట్టి రాయి, బార్నకిల్స్ (రాతికి అతుక్కుని ఉండే చిన్న గుల్ల జీవులు). ఆ పట్టీలో మాత్రం ముందు పచ్చటి మెత్తటి నాచు, తర్వాత ఫ్యూకస్ జాతి గోధుమరంగు నాచు గుబురుగా పెరిగింది. అప్పటిదాకా, అక్కడ అలల దెబ్బకు నాచు నిలవడం లేదు అనుకునేవారు. తీరా చూస్తే మొలకెత్తిన ప్రతి మొక్కనూ లింపెట్లు గీకేస్తున్నందువల్ల అది కనబడటం లేదు.

రెండోది ప్రయోగం కాదు, ప్రమాదం. 1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే చమురు నౌక కార్న్‌వాల్‌కూ సిల్లీ దీవులకూ మధ్య సెవెన్ స్టోన్స్ రాళ్ళను ఢీకొంది. లక్ష టన్నులకు పైగా ముడి చమురు సముద్రంలో కలిసింది. తీరాన్ని శుభ్రం చేస్తామని వేల టన్నుల రసాయన డిటర్జెంట్లు చల్లారు. చమురు పడిన చోట్ల కొన్ని లింపెట్లు బతికే ఉన్నాయి, ఆ చమురు పొరనే గీక్కుంటూ. రసాయనాలు చల్లిన చోట్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత జరిగింది వరసగా చెప్తాను, ఎందుకంటే ఇది కథలా ఉంటుంది:

కొన్ని నెలల్లోనే బండలన్నీ పచ్చబడ్డాయి. ఆపై ఫ్యూకస్ దట్టంగా కమ్మేసింది. దాని కింద బార్నకిల్స్ తగ్గిపోయాయి. ఆ తడి నీడలో మాత్రం లింపెట్ పిల్లలు విపరీతంగా నిలదొక్కుకున్నాయి, ఎండ దెబ్బ లేదు కదా. అవి పెరిగి నాచునంతా తినేశాయి. తిండి అయిపోయాక, చెప్పుకున్నామే సొంత మచ్చ అని, ఆ అలవాటునే వదిలేసి, బారులు తీరి తీరం మీద తిండి వెతుక్కుంటూ సాగాయి. చాలా చచ్చిపోయాయి. మళ్ళీ బార్నకిల్స్ పుంజుకున్నాయి. రసాయనాలు ఎక్కువగా చల్లిన చోట్ల ఈ ఊగిసలాట సద్దుమణిగి మామూలు స్థితికి రావడానికి 10 నుంచి 15 ఏళ్ళు పట్టింది.

నత్త చచ్చిపోవడం ఒక నష్టమైతే, అది చేసే పని ఆగిపోవడం పెద్ద నష్టం. బావమరిది గారికి ఈ రెండో మాట చెప్పండి.

బండమీది_బాబాయ్
తెప్పతాళం గారూ, బాగా చెప్పారు. అయినా నాదొక అనుమానం. పక్షులు తింటాయి, పీతలు తింటాయి, సముద్ర నక్షత్రాలు తింటాయి. మనుషులూ తిన్నారు, స్కాట్లాండ్ పక్కన ఓరన్సే దీవిలో మధ్యరాతియుగం నాటి లింపెట్ చిప్పల దిబ్బలే ఉన్నాయి. ఇంతమంది తిన్నా ఆ జాతి నిలిచింది కదా. ఒక స్క్రూడ్రైవర్‌కు ఇంత హడావిడా?

నీలికెరటం
తేడా ఏమిటంటే, పక్షికి ఊడేది ఏదో చూసుకుని కొడుతుంది. మనిషి ఏది పెద్దదో చూసుకుని తీస్తాడు. ఈ జాతిలో అదే ప్రమాదం.

పటెల్లా వల్గేటాలో చాలావరకు మొదట మగవిగా ఎదుగుతాయి. కొన్నేళ్ళు పోయాక వాటిలో ఎక్కువ భాగం ఆడవిగా మారతాయి. అంటే బండ మీద పెద్దవన్నీ ఏరేస్తే మీరు తీస్తున్నది ఎక్కువగా గుడ్లు పెట్టేవాటిని. శరత్తు చివర, చలికాలం మొదట్లో గుడ్లు, వీర్యం నీటిలోకి వదులుతాయి, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువగా. లార్వాలు కొన్నాళ్ళు నీళ్ళలో తేలి, మిల్లీమీటరులో ఐదో వంతు ఉన్నప్పుడు తేమ ఉన్న సందుల్లో వాలతాయి. అక్కడి నుంచి మీ కంటికి "పెద్దది" అనిపించే సైజుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. నెమ్మదిగా పెరిగే చోట్ల 15, 20 ఏళ్ళ వయసున్నవి కూడా ఉంటాయి.

మధ్యధరాలో దీని బంధువు పటెల్లా ఫెర్రుజీనియా గతి చూడండి. పది సెంటీమీటర్ల దాకా పెరిగే పెద్ద లింపెట్. మనుషులు పెద్దవాటిని ఏరుకుంటూ పోయేసరికి ఇప్పుడు అంతరించే ప్రమాదంలో పడి, యూరప్ చట్టాల రక్షణలో ఉంది. వల్గేటా ఇంకా ఆ స్థితికి రాలేదు, నిజమే.

బండమీది_బాబాయ్
సరే, మగది ఆడదవడం మాత్రం నాకు కొత్త. సముద్ర నక్షత్రం వచ్చినా ఇలాగే బిగుసుకుంటుందా?

రాతిగుల్ల
అక్కడే తెలివి ఉంది. నక్షత్రం తాకితే బిగుసుకుని కూర్చోదు. చిప్పను పైకి లేపి నిలబడుతుంది, నక్షత్రం గొట్టపు పాదాలకు పట్టు దొరక్కుండా. ఆ తర్వాత జారుకుంటుంది. పీతకూ పక్షికీ ఒక జవాబు, నక్షత్రానికి ఇంకొకటి.

సీతాకోక84
ఒక చిన్న సందేహం. బండ పైభాగంలో ఉన్నవి కోసుగా, నీటి దగ్గరవి చదునుగా ఉంటాయి. వేరే జాతులా?

కిరణ్_ఫిజిక్స్
ఒకే జాతిలోనూ అలా ఉంటుంది. పైన ఉన్నవి ఎక్కువసేపు ఆరుబయట ఉంటాయి కాబట్టి ఎక్కువసేపు కండ బిగించి ఉంటాయి. అలా బిగించినప్పుడు చిప్పను పెంచే అంచు లోపలికి లాగబడి, చిప్ప వెడల్పుకు బదులు ఎత్తు పెరుగుతుందని ఒక వివరణ. కారణం ఏదైనా లాభం మాత్రం ఉంది, లోపల కాస్త ఎక్కువ నీరు నిలుస్తుంది. అయితే నైరుతి బ్రిటన్‌లో పటెల్లా డిప్రెస్సా, పటెల్లా యులిసిపొనెన్సిస్ కూడా కలిసి ఉంటాయి. పైనుంచి చూసి విడదీయడం కష్టం. డిప్రెస్సా పాదం ముదురు బూడిద, నలుపు. యులిసిపొనెన్సిస్‌ది నారింజ ఛాయ. వల్గేటాది పసుపు, ఆకుపచ్చ కలిసిన బూడిద.

తీరంబాట
అయితే పాదం రంగు చూడాలంటే శాస్త్రవేత్తలైనా ఊడదీయాల్సిందే కదా? బావమరిది ఇది చదివితే ఎగిరి గంతేస్తాడు.

రాతిగుల్ల
తీస్తారు, అవసరమైనప్పుడు, అవసరమైనన్ని, దెబ్బ తగలకుండా తీయడం తెలిసినవాళ్ళు. ఆయనకు కావాల్సింది అడుగుభాగం ఫోటోనే కదా, దానికి ఊడదీయక్కర్లేదు. అలలు ఒడ్డుకు తోసిన ఖాళీ చిప్పలు దొరుకుతాయి. తిరగేసి చూస్తే లోపల గుర్రపు లాడం ఆకారంలో మచ్చ ఉంటుంది, కండ అతుక్కున్న చోటు అది. లాడం తెరిచి ఉన్న వైపు తల. రాతి గుంటల్లో నిలిచిన నీళ్ళలో ఒక్కోసారి తిరుగుతున్నవి కూడా కనిపిస్తాయి, పక్క నుంచి ఓపిగ్గా చూస్తే తల, రెండు మీసాలు, చిప్ప అంచు చుట్టూ సన్నటి స్పర్శకాలు బయటికి వస్తాయి. కదిలే లింపెట్ వీడియో ముందు ఊడిన లింపెట్ ఫోటో ఎందుకూ పనికిరాదు.

తెప్పతాళం
ఇంకో పని చెప్పండి ఆయనకు. చిప్ప మీద నెయిల్ పాలిష్ చుక్క ఒకటి, దాని పక్కనే రాతి మీద ఇంకొకటి. చుక్క పెట్టే ముందు చిప్ప పొడిగా ఉండాలి, అంచుకు తగలకూడదు. తర్వాతి ఆటుకు వెళ్ళి చూస్తే రెండు చుక్కలూ మళ్ళీ పక్కపక్కనే ఉన్నాయో లేదో తెలుస్తుంది. నాలుగైదింటికి వేరువేరు రంగులు వేస్తే ఏది ఇంటికి వచ్చిందో, ఏది పొరుగు మచ్చ ఆక్రమించిందో కూడా కనిపెట్టొచ్చు.

తీరంబాట
ఇది అతనికి నచ్చింది! రంగులు కూడా ఎంచుకున్నాడు. రాత్రి ఆటుకు టార్చి పట్టుకుని వెళ్దామంటున్నాడు, అవి తిరగడం చూడాలని. వెళ్ళొచ్చా?

ఉప్పుగాలి
వెళ్ళొచ్చు, కానీ ఆ చోటు ముందు పగలు చూసుకుని ఉండాలి. ఆటుపోట్ల పట్టిక చూసి, నీళ్ళు ఇంకా తగ్గుతుండగానే చేరుకోండి, తిరిగి పెరగడం మొదలవగానే బయల్దేరండి. వేల్స్‌కూ నైరుతి ఇంగ్లండ్‌కూ మధ్య ఉన్న బ్రిస్టల్ చానల్ వైపు అయితే పోటు చాలా వేగంగా వస్తుంది, వెనక దారి మూసుకుపోతుంది. నాచు మీద అడుగు వేయకండి, బార్నకిల్స్ ఉన్న గరుకు రాయి మీద కాలు జారదు. టార్చి వెలుగు నేరుగా వాటి మీద కొట్టకుండా పక్కకు పట్టండి. బండ నిశ్శబ్దంగా ఉంటే వాటి పళ్ళు రాతిని గీకే చప్పుడు కూడా వినిపిస్తుంది, చెవి దగ్గరగా పెట్టి చూడండి.